జావా సర్వర్ల పాతికేళ్ళ చరిత్ర: మన సభ్యుడి ఫ్యాక్టరీకి ఏది పెట్టాలి?



పోయిన సమావేశంలో ఉగాది ఖర్చుల లెక్కలు అయిపోయాక, హొసూరు సిప్కాట్‌లో బండ్ల విడిభాగాల యూనిట్ నడిపే మన సభ్యుడొకరు లేచి ఒక సంగతి అడిగారు. "మా ఫ్యాక్టరీ సాఫ్ట్‌వేర్‌కి కొత్త అప్లికేషన్ సర్వర్ ఎంచుకోవాలంట. మీలో కంప్యూటర్ వాళ్ళు ఉండారు కదా, ఏది తీసుకోమంటారు?" అని. వెనక కుర్చీలోని పెద్దాయన వెంటనే అందుకున్నారు: "ఏమప్పా, సర్వర్ను ఎంచుకొనేదానికి ఇంతమంది కూర్చోవల్లా? హోటల్ ఏమన్నా పెడతా ఉండావా?" అందరం నవ్వేశాం. కాఫీలు వచ్చాయి, మాట పక్కకు పోయింది. కానీ అడిగినాయన నవ్వలేదు. ఎందుకు నవ్వలేదో తరువాత చెబుతాం. ఆ రోజు రెండు ముక్కల్లో చెప్పలేకపోయిన జవాబును ఇప్పుడు తీరిగ్గా రాస్తున్నాం. కాస్త పొడుగు, ఓపిక పట్టండి.

ముందు పెద్దాయన మాటే తీసుకుందాం, అది అంత తప్పేమీ కాదు. టిఫిన్ హోటల్లో మనం నేరుగా వంటింట్లోకి పోయి దోసె పోయించుకోం. సర్వర్ వస్తాడు, ఆర్డర్ తీసుకుంటాడు, లోపల చెబుతాడు, తెచ్చి పెడతాడు, బిల్లు రాస్తాడు. ఒకేసారి నలభై మంది కూర్చున్నా ఎవరి ప్లేటు వారికే వచ్చేలా చూస్తాడు. కంప్యూటర్లో వంటింటి సామాన్ల గది డేటాబేస్. వంట మన వ్యాపారం తాలూకు ప్రోగ్రాం. ఈ రెంటినీ నడిపించి, వందమంది ఒకేసారి అడిగినా తడబడకుండా చూసేది అప్లికేషన్ సర్వర్. ప్రోగ్రాం జావా భాషలో రాసి ఉంటే దానికి జావా అప్లికేషన్ సర్వర్ కావాలి. ఇంతే సంగతి. గొడవంతా ఆ సర్వర్‌కి జీతం ఎంత, ఎన్నేళ్ళు ఉంటాడు, మధ్యలో యజమాని మారితే ఏమవుతుంది అన్న దగ్గరే ఉంది. అందుకే దీనికి జవాబు చెప్పాలంటే చరిత్ర చెప్పాలి.

1995 మే నెలలో అమెరికాలో సన్ మైక్రోసిస్టమ్స్ జావాను లోకానికి చూపించింది. జేమ్స్ గోస్లింగ్, ఆయన జట్టు తయారుచేసిన భాష అది. అప్పట్లో అందరి కళ్ళూ బ్రౌజర్ మీదే. పేజీలో బొమ్మ గంతులేస్తే అదే అబ్బురం. రెండేళ్ళు తిరిగేసరికి అసలు బేరం తెర మీద కాదు, తెర వెనక ఉందని తేలింది. 1997లో సర్వ్‌లెట్ అనే పద్ధతి వచ్చింది, సర్వర్ వైపు జావా నడపడానికి. మరుసటి ఏడు ఎంటర్‌ప్రైజ్ జావా బీన్స్ వచ్చింది, మన పిల్లలు ఈజేబీ అంటారు. 1999 డిసెంబరులో ఇవన్నీ ఒక మూటగట్టి జె2ఈఈ అని పేరు పెట్టారు. ఆ మూటలోని మాట ఒకటే: మీరు ఈ నియమాల ప్రకారం ప్రోగ్రాం రాయండి, ఏ కంపెనీ సర్వర్ మీదైనా నడుస్తుంది. ఒక సర్వర్ నచ్చకపోతే ఇంకోదానికి మారిపోవచ్చు.

ఆ మాట సగమే నిజమైంది. ప్రతి కంపెనీ నియమాలు పాటిస్తూనే తన సొంత మసాలా కొంత కలిపింది. ఆ మసాలాకు అలవాటు పడినవాళ్ళు మారలేకపోయారు.

ఆ రోజుల్లో రెండు పెద్ద పేర్లు. ఒకటి వెబ్‌లాజిక్. అదే పేరుతో 1995లో పుట్టిన చిన్న కంపెనీని 1998లో బీఈఏ కొనేసింది. బీఈఏ అంటే ఏదో పెద్ద అర్థం ఉంటుందనుకునేవాళ్ళం. బిల్, ఎడ్, ఆల్ఫ్రెడ్ అని ముగ్గురు స్థాపకుల పేర్లలో మొదటి అక్షరాలంతే. వాళ్ళ చేతిలో అప్పటికే టక్సీడో ఉంది. బెల్ ల్యాబ్స్‌లో పుట్టి నావెల్ చేతికి వచ్చి, అక్కడి నుంచి 1996లో వీళ్ళ చేతికి వచ్చిన సరుకు. లావాదేవీలను భద్రంగా నడపడంలో దానికి దానిదే పేరు. రెండోది ఐబీఎం వారి వెబ్‌స్ఫియర్, 1998లో వచ్చింది. బ్యాంకులు, ఇన్సూరెన్స్ వాళ్ళు ఐబీఎం అంటే కళ్ళు మూసుకుని సంతకం పెట్టే కాలం. ధర ప్రాసెసర్‌కి ఇంత అని, వేల డాలర్లలో. మెషీన్‌లో నాలుగు ప్రాసెసర్లు ఉంటే నాలుగింతలు.

లావాదేవీ భద్రత అంటే ఏమిటో ఒక మాట చెప్పాలి, మన సభ్యుడి కథకు ఇదే కీలకం. ఫ్యాక్టరీలో ఒక బటన్ నొక్కితే గోడౌన్ లెక్కలో 500 ముక్కలు తగ్గాలి, అకౌంట్లలో ఇన్వాయిస్ పడాలి. గోడౌన్ లెక్క ఒక డేటాబేస్‌లో, అకౌంట్లు ఇంకో డేటాబేస్‌లో ఉన్నాయనుకోండి. మధ్యలో కరెంటు పోతే సరుకు తగ్గి బిల్లు పడకపోవచ్చు. అలా జరగకుండా సర్వర్ ముందు ఇద్దర్నీ "సిద్ధమా?" అని అడుగుతుంది, ఇద్దరూ సిద్ధమంటేనే "కానివ్వండి" అంటుంది. ఒకరు కాదంటే రెండూ వెనక్కి. పెళ్ళిలో రెండువైపులా ఒప్పుకున్నాకే తాంబూలాలు మార్చుకున్నట్టు. ఈ పని చేసిపెట్టడమే పెద్ద సర్వర్లు డబ్బు అడగడానికి పెద్ద కారణం.

ఇక్కడ మన తెలుగువాళ్ళు సంతోషపడాల్సిన సంగతి ఒకటుంది, చాలామందికి తెలియదు. ఈ పోటీలోకి హైదరాబాద్ నుంచి ఒక కంపెనీ దిగింది. 1998లో జయ్ పుల్లూరు, విజయ్ పుల్లూరు మొదలుపెట్టిన ప్రమతి టెక్నాలజీస్. బీఈఏ, ఐబీఎంలతో తలపడేలా జె2ఈఈ పరీక్షల్లో నెగ్గిన సొంత అప్లికేషన్ సర్వర్‌ను తయారుచేసి అమ్మారు. మన దేశంలో అందరూ పరాయి దేశపు కంపెనీలకు గంటల లెక్కన పనిచేసి పెడుతున్న కాలంలో, సర్వర్‌నే తయారుచేసి ప్రపంచం ముందు పెట్టడం చిన్న ధైర్యం కాదు. మా ముగ్గురిలో ఒకరు అప్పట్లో బెంగళూరులో దాన్ని పెట్టి చూశారు. తేలిగ్గా మొదలయ్యేదని, అదే మెషీన్ మీద పెద్ద కంపెనీల సర్వర్లు లేచేలోపు టీ తాగి రావచ్చని ఇప్పటికీ చెబుతారు. అయినా అది పెద్దవాళ్ళను పక్కకు నెట్టలేకపోయింది. ఎందుకంటే కొనేవాళ్ళు సర్వర్ని మాత్రమే కొనరు. పదేళ్ళ తరువాత ఫోన్ చేస్తే ఎత్తే కంపెనీని కొంటారు. రెండోవైపు, అదే సమయంలో ఉచిత సర్వర్లు వచ్చిపడ్డాయి. ఆ కంపెనీ తరువాత వేరే పనుల్లోకి మళ్ళింది. ఆ సర్వర్ కథను ఎవరైనా పూర్తిగా రాస్తే బాగుంటుందని మా కోరిక.

ఆ ఉచిత సర్వర్లలో మొదటిది టామ్‌క్యాట్. సన్‌లో పనిచేసే జేమ్స్ డంకన్ డేవిడ్సన్ రాసినది. 1999లో సన్ దాన్ని అపాచీకి ఇచ్చేసింది. ఈ రకం పుస్తకాల అట్టల మీద జంతువు బొమ్మ వేసే ఆనవాయితీ ఉంది కదా, తన ప్రోగ్రాం మీద కూడా ఎప్పుడో పుస్తకం వస్తుందని, తన బతుకు తాను బతకగల జంతువు కావాలని పిల్లి పేరు పెట్టాడట. అది అన్నట్టే ఎవరి జోలీ లేకుండా పాతికేళ్ళుగా బతుకుతోంది. అయితే ఒకటి గుర్తుంచుకోండి: టామ్‌క్యాట్ పూర్తి జె2ఈఈ సర్వర్ కాదు. సర్వ్‌లెట్లు, జేఎస్పీ పేజీలు నడుపుతుంది. ఈజేబీలు, రెండు డేటాబేస్‌ల తాంబూలాలు దానంతట అది చేయదు.

రెండోది జేబాస్. మార్క్ ఫ్లూరీ అనే ఆయన 1999లో మొదలుపెట్టారు. మొదట ఈజేబాస్ అన్నారు. ఈజేబీ అన్న పేరు సన్‌ది కాబట్టి ముందున్న 'ఈ' తీసేయాల్సి వచ్చింది. ఇది పూర్తి సర్వర్. సాఫ్ట్‌వేర్ ఊరికే ఇస్తాం, సహాయం కావాలంటే డబ్బు ఇవ్వండి అన్నది వాళ్ళ పద్ధతి. పెద్ద కంపెనీల సేల్స్‌వాళ్ళు "ఊరికే వచ్చినదాని మీద మీ వ్యాపారం పెడతారా?" అని భయపెట్టేవాళ్ళు. 2006లో రెడ్ హ్యాట్ కనీసం 35 కోట్ల డాలర్లు పెట్టి జేబాస్‌ను కొన్నాక ఆ మాట వినబడలేదు.

ఈ మధ్యలో అమీర్‌పేట సంగతి రాయకపోతే మా తరం ఊరుకోదు. 2000 తరువాతి ఏళ్ళలో హొసూరు, బాగలూరు, డెంకణికోట వైపు నుంచి కూడా మన పిల్లలు కొందరు హైదరాబాద్ వెళ్ళి మైత్రీవనం చుట్టుపక్కల హాస్టళ్ళలో ఉండి జావా నేర్చుకున్నారు. పక్కనే బెంగళూరు పెట్టుకుని అక్కడికెందుకంటే, ఫీజు తక్కువ, పాఠం తెలుగులో. తమిళనాడులో తెలుగు మీడియంలో చదివి ఇంగ్లీషు క్లాసులో నోరు విప్పలేని పిల్లలకు "ఈజేబీ కంటైనర్ అంటే ఏంట్రా అంటే..." అని తెలుగులో చెప్పే మాస్టారు దొరకడం ఎంత పెద్ద విషయమో, ఆ ఇబ్బంది పడినవాళ్ళకే తెలుసు. కోర్ జావా, అడ్వాన్స్‌డ్ జావా, ఆపైన వెబ్‌లాజిక్ అడ్మిన్ కోర్సు. జెరాక్స్ నోట్సుల కట్టలు ఇప్పటికీ మా ఇళ్ళ అటకల మీద ఉన్నాయి. సర్వర్ ఎంపికలో ఇదీ ఒక లెక్కే. మీ ఊళ్ళో దాన్ని నడిపే మనిషి దొరుకుతాడా లేదా అన్నది.

ఆ నోట్సుల్లో సగం ఈజేబీ గురించే. ఇప్పుడు చూస్తే నవ్వొస్తుంది. ఒక చిన్న పని చేయడానికి హోమ్ ఇంటర్‌ఫేస్ ఒకటి, రిమోట్ ఇంటర్‌ఫేస్ ఒకటి, అసలు క్లాసు ఒకటి, వీటన్నిటినీ వర్ణించే పొడుగాటి ఎక్స్‌ఎంఎల్ ఫైలు ఒకటి. ఒక ఇడ్లీ తేవడానికి నాలుగు చీటీలు రాసినట్టు. 2002లో రాడ్ జాన్సన్ అనే ఆయన పుస్తకం రాసి, ఇంత తంతు అక్కర్లేదని కోడ్‌తో సహా చూపించారు. అందులోంచే స్ప్రింగ్ పుట్టింది, 2004లో మొదటి వెర్షన్. స్ప్రింగ్ వేసుకుంటే చాలా వ్యాపారాలకు టామ్‌క్యాటే సరిపోతుందని తేలిపోయింది. 2006లో వచ్చిన జావా ఈఈ 5 కూడా ఈజేబీని బాగా తేలిక చేసింది. కానీ అప్పటికే పాత పద్ధతిలో రాసి పెట్టిన సాఫ్ట్‌వేర్ ఊరూరా ఉండిపోయింది.

తరువాత కొనుగోళ్ళ కాలం. 2007 అక్టోబరులో ఒరాకిల్ బీఈఏను అడిగింది, వాళ్ళు ధర చాలదన్నారు. 2008లో 850 కోట్ల డాలర్లకు బేరం కుదిరింది. 2010 జనవరికల్లా సన్ కూడా ఒరాకిల్ చేతికి వచ్చింది. అంటే జావా పుట్టిల్లు, వెబ్‌లాజిక్, సన్ సొంత ఉచిత సర్వర్ గ్లాస్‌ఫిష్, అన్నీ ఒకే ఇంట్లో. రెండు సర్వర్లున్న ఇంట్లో ఒకదానికి తిండి తగ్గడం మామూలే. 2013 నవంబరులో గ్లాస్‌ఫిష్ కొత్త వెర్షన్‌కు డబ్బు తీసుకుని చేసే సపోర్టు ఉండదని ఒరాకిల్ ప్రకటించింది. దాన్ని నమ్ముకున్నవాళ్ళు ఇబ్బంది పడ్డారు. వాళ్ళ కోసమే మరుసటి ఏడు ఇంగ్లాండ్ నుంచి పయారా వచ్చింది, గ్లాస్‌ఫిష్ కోడ్ నుంచే. అదే కాలంలో జేబాస్ ఉచిత సర్వర్ పేరు వైల్డ్‌ఫ్లై అయింది. ఐబీఎం తన బరువైన వెబ్‌స్ఫియర్ పక్కన లిబర్టీ అనే తేలికైనదాన్ని 2012లో తెచ్చి, 2017లో ఓపెన్ లిబర్టీగా బయటపెట్టింది. 2019లో ఐబీఎం రెడ్ హ్యాట్‌నే కొనేసింది. ఒకప్పటి పోటీదారులు వెబ్‌స్ఫియర్, జేబాస్ ఇప్పుడు ఒకే గొడుగు కింద ఉన్నాయి.

ఇంకొక్క మలుపు చెప్పి చరిత్ర ఆపేస్తాం. 2017లో ఒరాకిల్ జావా ఈఈని ఎక్లిప్స్ ఫౌండేషన్‌కు అప్పగించింది. కోడ్ ఇచ్చింది గానీ పేరు ఇవ్వలేదు. జావా అన్న మాట ఒరాకిల్ ట్రేడ్‌మార్కు. అందుకే కొత్త పేరు జకార్తా ఈఈ. ప్రోగ్రాంల లోపల ప్రతి ఫైలు నెత్తిన 'జావాఎక్స్' అని ఉండేది. ఆ పేరు కింద కొత్త మార్పులు చేయడానికి ఒప్పందం కుదరలేదు. 2020 చివర్లో వచ్చిన జకార్తా ఈఈ 9లో వాటన్నిటినీ 'జకార్తా' అని మార్చేశారు. ఇంటిపేరు మారినట్టు. మనిషి అదే, కాగితాలన్నీ మళ్ళీ చేయించుకోవాలి. టామ్‌క్యాట్ 9 వరకు పాత ఇంటిపేరు, 10 నుంచి కొత్తది. పాత ప్రోగ్రాంను అలాగే తెచ్చి టామ్‌క్యాట్ 10లో పడేస్తే నడవదు. పేర్లు మార్చిపెట్టే పనిముట్టు ఒకటి టామ్‌క్యాట్ వాళ్ళే ఇస్తున్నారు, అది వాడుకోవాలి.

ఇప్పుడు మన సభ్యుడు ఎందుకు నవ్వలేదో చెబుతాం, ఆయన అనుమతితోనే.

2004లో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీ (పేరు వద్దు) ఆయన ఫ్యాక్టరీకి ప్రోగ్రాం రాసి, ఒక పెద్ద సర్వర్‌కు రెండు ప్రాసెసర్ల లైసెన్స్ కొనిపించింది. అప్పటికి ఆయన దగ్గర ఇరవైమంది పనివాళ్ళు. "రేపు పెరుగుతారు కదా సార్" అన్నారట. ఏటా సపోర్టు డబ్బు. 2011లో వ్యాపారం డల్‌గా ఉన్నప్పుడు సపోర్టు కట్టడం ఆపేశారు. సర్వర్ ఆగలేదు, నడుస్తూనే ఉంది. అదే ముప్పు. ప్యాచ్ లేదు, కొత్త జావా లేదు. ఆ సర్వర్ జావా 1.4 మీదే కట్టుబడి ఉంది.

2023 ఆగస్టు 1 నుంచి 5 కోట్ల టర్నోవర్ దాటిన వ్యాపారాలకు ఈ-ఇన్వాయిస్ తప్పనిసరైంది. ప్రతి ఇన్వాయిస్ ప్రభుత్వ పోర్టల్‌కు వెళ్ళి నంబరు, క్యూఆర్ కోడ్ తెచ్చుకోవాలి. ప్రోగ్రాం నేరుగా పోర్టల్‌తో మాట్లాడాలంటే టీఎల్‌ఎస్ 1.2 అనే భద్రతా పద్ధతి కావాలి. జావా 1.4కు ఆ భాషే రాదు. దాంతో ఒక కుర్రాడు రోజుకు నలభై యాభై ఇన్వాయిస్‌లు చూసి మళ్ళీ పోర్టల్‌లో టైపు చేస్తూ కూర్చుంటున్నాడు. ఒకరోజు కస్టమర్ జీఎస్టీ నంబరు తప్పుగా పడింది. వాళ్ళకు పన్ను క్రెడిట్ రాలేదు, మూడు లారీల డబ్బు ఆపేశారు. రెండోసారి జరిగితే ఆర్డర్ వేరే యూనిట్‌కు ఇస్తామని ఉత్తరం పంపారు. ఇవాళ ఆ ఫ్యాక్టరీలో అరవైమంది పనిచేస్తున్నారు, అందులో సగం కుటుంబాలు మన సంఘంలోవే.

మేము ముగ్గురం నాలుగు ఆదివారాలు కూర్చుని ఆ ప్రోగ్రాం విప్పి చూశాం. దాదాపు అంతా సర్వ్‌లెట్లు, జేఎస్పీ పేజీలు. ఈజేబీలు పదకొండే. పెద్ద సర్వర్ అవసరమని చెప్పించిన ఆ రెండు డేటాబేస్‌ల తాంబూలాల పని రెండంటే రెండు చోట్ల ఉంది. అసలు రెండు డేటాబేస్‌లు ఎందుకున్నాయని అడిగితే, 2004లో గోడౌన్‌లో ఒక మెషీన్, ఆఫీసులో ఒక మెషీన్ ఉండేవి, అంతే అన్నారు. ఇప్పుడు రెండూ ఒకే మెషీన్‌లో ఉన్నాయి. రెండింటినీ ఒకటి చేసేస్తే ఆ భారీ ఏర్పాటు అవసరమే పోయింది. ఇరవై ఏళ్ళుగా ఆయన మోసిన లైసెన్స్ భారం ఎవరూ అడగని ఒక ప్రశ్న మీద నిలబడి ఉంది. మాకు ఆ రోజు సంతోషం కంటే బాధే ఎక్కువైంది.

వైల్డ్‌ఫ్లై గురించి కూడా ఆలోచించాం. పూర్తి సర్వర్, ఉచితం. కానీ ఆయన ప్రోగ్రాంలో ఉన్న పాతకాలపు ఎంటిటీ బీన్లను వైల్డ్‌ఫ్లై మొదటి వెర్షన్ నుంచే నడపడం లేదు, వాటిని ఎలాగూ తిరగరాయాలి. తిరగరాసేటప్పుడు మామూలు జావాలోనే రాసేస్తే పూర్తి సర్వరే అక్కర్లేదు. అందుకని టామ్‌క్యాట్ 10 అన్నాం, ఇంటిపేర్లు కూడా ఇప్పుడే మార్చేసి. పాత కంపెనీ సర్వర్‌కే కొత్త లైసెన్స్ కొనడమా అంటే, వద్దన్నాం. ఇప్పటి మెషీన్లలో ప్రాసెసర్ లోపల కోర్‌లను లెక్కపెడతారు, ఒక మెషీన్‌ను నాలుగు ముక్కలు చేసి ఒక ముక్కలో పెట్టినా మెషీన్ మొత్తానికి లెక్కగట్టే ఒప్పందాలున్నాయి. సంతకానికి ముందు ఆ పేజీ చదవని వాళ్ళే ఎక్కువ.

అలాగని అందరికీ టామ్‌క్యాటే అనడం లేదు. ఇదే ప్రశ్న ఒక కోఆపరేటివ్ బ్యాంకు అడిగితే, నాలుగు డేటాబేస్‌లు, మెసేజ్ క్యూలు ఉంటే, రాత్రి రెండింటికి ఫోన్ ఎత్తే కంపెనీకి డబ్బు కట్టి తీసుకోండనే చెబుతాం. ఉచితం అన్నది కూడా పూర్తిగా ఉచితం కాదు. 2020 ఫిబ్రవరిలో టామ్‌క్యాట్‌లోనే ఘోస్ట్‌క్యాట్ అనే లోపం బయటపడింది, ఎవరూ వాడకపోయినా తెరిచి ఉండే ఒక పోర్టు వల్ల. 2021 డిసెంబరులో లాగ్4జే లోపం వచ్చినప్పుడు మాలో ఇద్దరం శనాదివారాలు నిద్రపోలేదు. ప్యాచ్ వేసే మనిషి ఎవరో ముందే తేల్చుకోవాలి. మన సభ్యుడికి ఆ పని, అమీర్‌పేట నోట్సుతో చదువుకున్న మన అబ్బాయే ఒకడు నెల జీతం మీద ఒప్పుకున్నాడు.

ప్రస్తుతం పాతదీ కొత్తదీ పక్కపక్కన నడుస్తున్నాయి. ప్రతి సాయంత్రం రెండిటి ఇన్వాయిస్‌లు, గోడౌన్ నిల్వలు పోల్చి చూస్తున్నాం. మొదటి వారంలో పైసల రౌండింగ్‌లో తేడాలు వచ్చాయి, సరిచేశాం. గత పది రోజులుగా తేడా లేదు. కొత్తది నేరుగా పోర్టల్‌తో మాట్లాడుతోంది, టైపు చేసే కుర్రాడికి గోడౌన్‌లో వేరే పని చూపించారు. నెల ఒకటో తారీఖున పాతదాన్ని ఆపేస్తారు.

సంఘంలో ఇలాంటి పాత సర్వర్లు ఇంకా నడుపుతున్నవాళ్ళు ఇద్దరు ముగ్గురు ఉన్నారని విన్నాం. వచ్చే సమావేశానికి నాలుగు సంగతులు కనుక్కుని రండి: జావా ఏ వెర్షన్, డేటాబేస్‌లు ఎన్ని, ఈజేబీలు ఉన్నాయా లేవా, లైసెన్స్ కాగితం ఎక్కడుంది. కాగితం దొరక్కపోయినా సిగ్గుపడకుండా రండి. మన సభ్యుడిది బీరువాలో పాత పెళ్ళిపత్రికల కింద దొరికింది.